యంత్ర ప్రపంచం: ఇనుము మారినా పేరు మారని కారు

కర్మాగారంలో పనిచేసే మనకు ప్రతి యంత్రానికీ ఒక జాతకం ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. ఏ లేత్ మిషను ఎప్పుడు వచ్చింది, ఏ సంవత్సరంలో ఓవర్‌హాలింగ్ జరిగింది, స్పిండిల్ ఎప్పుడు మార్చారు, మోటారు ఎన్నిసార్లు రీవైండింగుకు వెళ్ళింది అనే సంగతులన్నీ హిస్టరీ కార్డులో వరుసగా నమోదై ఉంటాయి. ఆ కార్డు నింపడం మనలో చాలామందికి విసుగు పుట్టించే పని. షిఫ్టు ముగిసే వేళ నాలుగు ముక్కలు గీకి సంతకం పెట్టేవారూ లేకపోలేదు. అటువంటి నాలుగు ముక్కల మీద కోటి పౌండ్ల వ్యవహారం ఆధారపడిన సందర్భం ఒకటి ఉన్నది. 1990వ సంవత్సరంలో లండన్ హైకోర్టు ముందుకు వచ్చిన ఆ వివాదానికి కేంద్రం ఒక పాత రేసు కారు. అరవై ఏళ్ళ క్రితం ఫ్రాన్సులో రెండుసార్లు విజయం సాధించిన కారూ, ఇప్పుడు కళ్ళెదుట ఉన్న కారూ ఒక్కటేనా, కాదా అన్నది న్యాయమూర్తి తేల్చవలసిన ప్రశ్న.

కథ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వాల్టర్ ఓవెన్ బెంట్లీ అనే ఇంజనీరు 1919లో తన పేరిట కార్ల కంపెనీ స్థాపించాడు. ఆయన చేతికి తొలుత నూనె మరకలు అంటినది మోటారు కార్ల షెడ్డులో కాదు, డాంకాస్టర్‌లోని గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో. అప్రెంటిస్‌గా ఆవిరి ఇంజన్ల మధ్య పని నేర్చుకున్నవాడు కనుకనే కాబోలు, ఆయన కార్లు సౌకుమార్యానికి కాక దృఢత్వానికి పేరుపొందాయి. ఉత్తర లండన్‌లోని క్రికిల్‌వుడ్ షెడ్డుల్లో తయారైన ఆ బరువైన కార్లు ఫ్రాన్సులోని ల మాన్ పట్టణంలో జరిగే 24 గంటల పందెంలో 1924, 1927, 1928, 1929, 1930 సంవత్సరాల్లో, అంటే మొత్తం ఐదుసార్లు, ప్రథమస్థానం పొందాయి.

ల మాన్ పందెం సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. 1923లో మొదలైన ఈ పోటీలో గెలుపు గమ్యాన్ని ముందు చేరినవారిది కాదు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి ఎక్కువ దూరం తిరిగినవారిది. ఆ రోజుల్లో ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపేవారు. వేగం ఎంత అవసరమో, 24 గంటల పాటు చెడిపోకుండా నిలవడం అంతకన్నా ఎక్కువ అవసరం. మూడు షిఫ్టులు ఆపకుండా నడిచే యంత్రం విలువ తెలిసిన మనకు ఆ పందెంలోని కష్టం ఇట్టే బోధపడుతుంది.

కంపెనీ ఆర్థికంగా చితికిపోతున్న తరుణంలో, 1926లో, వుల్ఫ్ బర్నాటో అనే ధనవంతుడు పెట్టుబడి పెట్టి చైర్మన్ అయ్యాడు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రపు గనుల్లో ఐశ్వర్యం గడించిన బార్నీ బర్నాటో కుమారుడు. కంపెనీ చైర్మన్ స్వయంగా కారెక్కి రేసుల్లో పాల్గొనడం మనకు వింతగా తోస్తుంది గాని, ఈయన ల మాన్‌లో పాల్గొన్నది మూడుసార్లు, మూడుసార్లూ గెలిచాడు. అందులో రెండుసార్లు, అంటే 1929లో టిమ్ బర్కిన్‌తోనూ, 1930లో గ్లెన్ కిడ్‌స్టన్‌తోనూ కలిసి, ఆయన నడిపినది ‘స్పీడ్ సిక్స్’ తరగతికి చెందిన ఒకే కారు. ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజను. 1929లో మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. ఆ ఏడు ఈ కారు 24 గంటల్లో సుమారు 2,840 కిలోమీటర్లు తిరిగింది. మరుసటి ఏడు జర్మనీ నుంచి రుడాల్ఫ్ కరాచియోలా నడిపిన మెర్సిడెస్ గట్టి పోటీ ఇచ్చి, రాత్రివేళ చెడిపోయి ఆగిపోయింది. బర్నాటో కారు ఈసారి సుమారు 2,930 కిలోమీటర్లు పూర్తిచేసింది. ఒకే కారు వరుసగా రెండేళ్ళు ల మాన్ గెలవడం అదే ప్రథమం. దానికి ‘ఓల్డ్ నంబర్ వన్’ అన్న ముద్దుపేరు స్థిరపడింది.

కథ ఇక్కడ ఆగిపోయి, ఆ కారును అద్దాల గదిలో పెట్టి ఉంటే కోర్టు దాకా వెళ్ళవలసిన పనే ఉండేది కాదు. కాని రేసు కారు గుడిలోని ఉత్సవ విగ్రహం కాదు గదా! ప్రతి పందెం తరువాతా దానిని విప్పుతారు. అరిగినది తీసేస్తారు, కొత్తది బిగిస్తారు. వచ్చే పందెపు నిబంధనలను బట్టి బాడీ మారుస్తారు. 1931లో బెంట్లీ కంపెనీ దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయినా ఈ కారు పరుగు ఆగలేదు. లండన్‌కు నైరుతిన ఉన్న బ్రూక్‌లాండ్స్‌లో, 1907లో కట్టిన కాంక్రీటు పందెపు బాట ఒకటి ఉండేది. మలుపుల దగ్గర గోడలాగా వాలుగా లేచిన ఆ బాట మీద జరిగే 500 మైళ్ళ పందాన్ని 1931లో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ ఇదే కారుతో గెలిచారు.

మరుసటి ఏడు పాత ఇంజను స్థానంలో 8 లీటర్ల ఇంజను అమర్చారు. 1932 సెప్టెంబరులో అదే 500 మైళ్ళ పందెం. జాక్ కొంతసేపు నడిపి దిగిన తరువాత తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ స్టీరింగ్ అందుకున్నాడు. ముందున్న కారును దాటే ప్రయత్నంలో వాలుబాట పై అంచుదాకా వెళ్ళాడు. చక్రం అంచు దాటింది. కారు గట్టు మీదుగా అవతలి చెట్లలోకి దూసుకుపోయింది. క్లైవ్ అక్కడికక్కడే మరణించాడు. అన్న జాక్ ఆ సమయంలో అదే మైదానంలో ఉన్నాడు.

ధ్వంసమైన ఆ కారును బర్నాటో పారవేయలేదు. దానిని మళ్ళీ కట్టించి, పందేలకు కాక రోడ్డు మీద తిరగడానికి పనికివచ్చే మూసిన బాడీ తొడిగించాడు. ఆపై చేతులు మారింది. తరాలు మారాయి. కాలక్రమంలో మూసిన బాడీ పోయి, ల మాన్ నాటి తీరులో తెరచిన బాడీ వచ్చింది. చివరకు 1990లో అప్పటి యజమాని దానిని మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ అనే సంస్థకు కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. ఆనాటి మారకపు విలువలో అది 30 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. ఒప్పందం కుదిరాక కొనుగోలుదారు వెనుకంజ వేశాడు. ఇది ల మాన్ గెలిచిన కారే కాదు, దాని పేరు తగిలించుకున్న వేరే ఇనుము అన్నది ఆ పక్షం వాదన.

జస్టిస్ ఆటన్ ముందుకు ఈ వ్యాజ్యం వచ్చింది. ఇక్కడినుంచి మనవంటి వర్క్‌షాపు మనుషులకు కథ మరీ ఆసక్తికరం. న్యాయస్థానంలో చదివినది ధర్మశాస్త్రం కన్నా ఎక్కువగా సర్వీసు రికార్డులు, ఫోటోలు, రేసుల నివేదికలు. ఏ భాగం ఏ సంవత్సరంలో కారు మీదికి వచ్చింది, ఏది ఎప్పుడు దిగిపోయింది అని ఒక్కొక్కటే పరిశీలించారు. తేలిన లెక్క ఇది: 1929లో గెలిచిన కారు తాలూకు భాగాలు దాదాపు ఏవీ మిగలలేదు, ఏ కాలానివో చెప్పడానికి వీలులేని చిల్లర బిగింపులు ఉంటే ఉండవచ్చు. 1930లో గెలిచిన కారుకు సంబంధించి మిగిలినవి మూడు: పెడల్ షాఫ్టు, గేర్ బాక్సు పైపెట్టె, స్టీరింగ్ కాలమ్. నేటి కారులోని ముఖ్యభాగాలన్నీ 1932 నాటి రూపానికీ, ఆ తరువాతి పునర్నిర్మాణానికీ చెందినవి.

ఈ లెక్క వినగానే కొనుగోలుదారు గెలిచాడనే ఎవరైనా అనుకుంటారు. మూడు ముక్కలు చూపి కోటి పౌండ్లు అడగడం ఏమి న్యాయం? కాని తీర్పు అమ్మినవాని పక్షాన వచ్చింది. న్యాయమూర్తి హేతువు స్థూలంగా ఇది. విడిభాగాలను బట్టి చూస్తే దీనిని ‘అసలు కారు’ అనడానికి లేదు. అయితే ఇది నకలు కాదు, ఎక్కడెక్కడివో పోగుచేసి కట్టిన పునఃసృష్టి కూడా కాదు. నాలుగు సీజన్ల పాటు ఎడతెగకుండా పందేల్లో పాల్గొన్న కారు ఇది. భాగాలు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా, అవసరాన్ని బట్టి మారాయి. వచ్చిన ప్రతి కొత్త భాగమూ అప్పటికే ఉన్న కారులో కలిసిపోయింది. ఏ దశలోనూ ‘ఇక్కడితో ఆ కారు ముగిసింది, ఇక్కడినుంచి వేరే కారు మొదలైంది’ అని గీత గీయడానికి వీలులేదు. పైగా ‘ఓల్డ్ నంబర్ వన్ నేనే’ అని చెప్పుకోగల మరో బెంట్లీ లోకంలో లేదు, ఉండేదన్న దాఖలా కూడా లేదు. అమ్మకానికి పెట్టినది కేవలం లోహం కాదు, దానితో పాటు ఆ చరిత్రా, ఆ కీర్తీ కూడా. కనుక కారు ప్రామాణికమైనదే, ఒప్పందం చెల్లుతుంది.

పాశ్చాత్యులు ఇటువంటి చర్చ వచ్చినప్పుడల్లా, ఒక్కొక్క పలకా మార్చగా మార్చగా పాత చెక్క ఒక్కటీ మిగలని థీసియస్ ఓడను ఉదాహరిస్తారు. మనకు అంత దూరం వెళ్ళనక్కరలేదు. పూరీలో జగన్నాథుని రథాన్ని ప్రతి ఏటా కొత్త కలపతో కడతారు. పదహారు చక్రాలూ కొత్తవే. అయినా దాని పేరు నందిఘోషే, నిరుటి రథం వేరు అని ఏ భక్తుడూ అనడు. అయితే ఒక భేదం ఉన్నది. నందిఘోషను కట్టే కొలతలూ, కట్టే వంశాలూ పరంపరగా వస్తున్నాయి. ఆ పరంపరే దానికి సాక్ష్యం. కారుకు అటువంటి వంశాచారం లేదు. దానికి సాక్ష్యం కాగితమే. క్రికిల్‌వుడ్‌లో ఏ మెకానిక్కో నూనె చేతులతో రాసిన సర్వీసు పద్దు లేకపోతే, ఏది ఎప్పుడు మారిందో న్యాయమూర్తికి ఎవరు చెప్పగలరు? 1936లో ఏర్పడిన బెంట్లీ డ్రైవర్స్ క్లబ్ వంటి సంఘాలు పాత రికార్డులను భద్రపరచడం ఎంత ఉపకారమో ఇటువంటప్పుడే తెలుస్తుంది.

కాగితం ఒక్కొక్కసారి కారు కీర్తిని నిలబెట్టదు, ఊడబెరుకుతుంది కూడా. అదే బర్నాటోకు చెందిన మరో స్పీడ్ సిక్స్ కథ వినండి. 1930 మార్చిలో ఆయన కాన్ పట్టణం నుంచి బయలుదేరి, ‘బ్లూ ట్రెయిన్’ అని పేరుపొందిన ఎక్స్‌ప్రెస్ కలే రేవు చేరేలోగా తాను లండన్‌లో ఉంటానని పందెం కట్టాడు. రాత్రంతా వానలో, పొగమంచులో నడిపి, సముద్రం దాటి, రైలు కలే చేరడానికి నాలుగు నిమిషాల ముందే లండన్‌లోని తన క్లబ్బు మెట్లెక్కాడు. ఆ ఘనకార్యం చేసిన కారు ఏదంటే, గర్నీ నట్టింగ్ అనే సంస్థ బాడీ కట్టిన ఒక అందమైన కూపే అని దశాబ్దాల పాటు లోకం నమ్మింది. టెరెన్స్ క్యూనియో అనే ప్రసిద్ధ చిత్రకారుడు రైలు పక్కన ఆ కూపే పరుగెత్తుతున్నట్టు బొమ్మ గీయడంతో ఆ నమ్మకం శిలాక్షరమైంది. తీరా రికార్డులు తిరగేస్తే ఆ కూపే యజమానికి అందినది 1930 మే నెలలో. మార్చిలో జరిగిన పందెంలో మేలో పుట్టిన కారు ఎలా పాల్గొంటుంది? నిజంగా ఆ రాత్రి పరుగెత్తినది హెచ్.జె. మలినర్ సంస్థ బాడీ కట్టిన, చూపుకు సాదాసీదాగా ఉండే నాలుగు తలుపుల సెలూను. బొమ్మలో ఎక్కినది ఒకటి, బాటలో నడిచినది మరొకటి. డెలివరీ తారీఖు అనే ఒక్క పద్దు ముందు అంత గొప్ప వర్ణచిత్రమూ నిలవలేకపోయింది. నాకు ఈ ఉదంతం కోర్టు తీర్పు కన్నా కూడా ముచ్చటగా తోస్తుంది.

మూడో రకం కార్లు ఉన్నాయి. లోహం యావత్తూ ఉండి, జనం మరచిపోయినవి. అమెరికాలో 1964లో కారల్ షెల్బీ వర్క్‌షాపు తయారుచేసిన ‘డేటోనా కూపే’ వాటిలో మేలైన ఉదాహరణ. అంతకుముందు ఆయన నడిపించిన కోబ్రా కార్లకు పైకప్పు లేదు. సూటి రోడ్డు మీద గాలి అడ్డుకోవడంతో వేగం ఒక హద్దు దాటేది కాదు. పీటర్ బ్రాక్ అనే యువ డిజైనరు దానికి గాలిని చీల్చుకుపోయే మూసిన బాడీ, వెనుక నిలువునా కోసినట్టుండే తోక సమకూర్చాడు. మొత్తం ఆరు కార్లు కట్టారు. మొదటిది కాలిఫోర్నియాలోనే పూర్తయింది, మిగిలిన ఐదింటి బాడీలు ఇటలీలో తయారయ్యాయి. ఆ మొదటి కారు నంబరు సి.ఎస్.ఎక్స్. 2287. అది 1964లో డేటోనా పందెంలో ముందంజలో ఉండగా ఇంధనం నింపే చోట మంటలంటుకుని ఆగిపోయింది. తరువాతి నెలలో సెబ్రింగ్ 12 గంటల పందెంలో తన తరగతిలో నెగ్గింది. ఆ ఏడు ల మాన్‌లో, ఆగిపోయిన కారును బయటి బ్యాటరీతో స్టార్టు చేశారన్న కారణంగా అనర్హమైంది. 1965 చివర బాన్‌విల్ ఉప్పు మైదానంలో పలు వేగపు రికార్డులు నెలకొల్పింది.

ఇంత చేసిన కారు పందేలు ముగియగానే వట్టి పాత కారైపోయింది. కొత్త నమూనాలు వచ్చాక నిరుటి రేసు కారుకన్నా అక్కరకురాని వస్తువు మరొకటి ఉండదు. కొంతకాలం అది ఫిల్ స్పెక్టర్ అనే సంగీత నిర్మాత వద్ద ఉండి, మరొకరి చేతికి పోయి, సామాన్లు దాచుకునే అద్దె గదిలో సుమారు మూడు దశాబ్దాలు దుమ్ముకొట్టుకుపోయింది. ఆరింటిలో ఐదు ఎక్కడున్నవో అందరికీ తెలుసు, మొదటిదాని జాడ మాత్రం లేదు. 2001లో అది బయటపడినప్పుడు వ్యాజ్యాలు కూడా నడిచాయి. చివరకు ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియం చేరింది.

అక్కడివారు చేసిన మంచి పని దానికి కొత్త రంగు వేయకపోవడం. పాత కారు దొరికితే తళతళలాడేట్టు తోమి పెట్టాలన్నది సామాన్యుల తలంపు. కాని పొట్టు లేచిన రంగు పొరలు, ఒకప్పుడు అంటించిన అంకెల ఆనవాళ్ళు, హడావుడిగా కొట్టిన రివెట్లు, వేసి మూసిన రంధ్రాలు ఇవన్నీ సాక్ష్యాలు. పాత ఫోటోలో కనిపించే రంధ్రం కారు మీద అదే చోట ఉంటే, నూరు మాటల కన్నా అది బలమైన రుజువు. రంగుతో పాటు వాటినీ గీకివేస్తే చరిత్రను చేతులారా చెరిపివేసినట్టే. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల పట్టికలో తొలిగా నమోదైనది ఈ కారే. దాని కొలతల చిత్రాలు, ఛాయాచిత్రాలు, చరిత్ర అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో శాశ్వతంగా భద్రపరిచారు. నా దృష్టిలో పాత యంత్రానికి జరగగల సన్మానాల్లో ఇంతకు మించినది లేదు.

మన దేశంలోనూ వెతకదగిన కార్లు లేకపోలేదు. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వైపు వచ్చే పెద్ద రోడ్డు మీద షోలవరం అనే ఊరున్నది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల బాట అక్కడ మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు ఆ బాట మీదనే పందేలు నడిపింది. శ్రీపెరంబుదూరు సమీపంలో 1990లో కొత్త పందెపు బాట ప్రారంభమయ్యేదాకా దక్షిణదేశంలో కార్ల పందెమంటే షోలవరమే. సంస్థానాధీశులు విదేశీ కార్లు తెచ్చేవారు. మధ్యతరగతి మెకానిక్కులు మనం వీధుల్లో నిత్యం చూసిన ఫియట్‌లనూ, స్టాండర్డ్ హెరాల్డ్‌లనూ విప్పి, సీట్లు పీకి బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి పందెంలో దింపేవారు. పందెం ముగిశాక పదును పెట్టిన ఇంజను మరో బండిలోకి పోతుంది, సీట్లు తిరిగి వస్తాయి, కారు మళ్ళీ సంసారపక్షం అవుతుంది.

అటువంటి ఫియట్ ఏదైనా ఇప్పటికీ ఏ షెడ్డులోనో ఉంటే దానిని గుర్తుపట్టేది ఎలా? ఆనాటి ఆర్.సి. బుక్కులో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, యజమానుల పేర్లు ఉంటాయి గాని పందేల ప్రస్తావన ఉండదు. ఇంజను నంబరు కొట్టివేసి కొత్తది రాసి ఉంటే, అది మొదటి ఆధారం. ఇంజను మారిందని తెలుస్తుంది, ఎప్పుడు మారిందో తెలుస్తుంది. తలుపు మీద పందెపు అంకె, బంపరు కింద రిజిస్ట్రేషన్ నంబరు రెండూ ఒకే ఫోటోలో పడి ఉంటే సగం పని అయినట్టే. ఆ అంకెను పందెం నాడు గేటు దగ్గర అమ్మిన కార్యక్రమ పత్రికలోని పట్టికతో పోల్చి చూస్తే నడిపినవారి పేరు దొరుకుతుంది. ఆ పేరుతో ఆనాటి దినపత్రికల క్రీడాపుటలు తిరగేస్తే ఫలితం దొరుకుతుంది.

కనుక పాఠకులకు ఒక మనవి. ఒకప్పుడు షోలవరం వెళ్ళి పందేలు చూసివచ్చిన మన ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు, వారి కుటుంబాలవారు ఉంటే, ఆల్బముల్లో ఆనాటి ఫోటోలు గాని, పాత ట్రంకుపెట్టెల్లో కార్యక్రమ పత్రికలు గాని ఉన్నవేమో ఒకసారి చూడగోరుతాను. ఫోటో వెనుక తారీఖు రాసి ఉంటే మరీ మంచిది. నకళ్ళు సంపాదకవర్గానికి పంపితే చాలు, అసలు ప్రతులు మీ వద్దనే భద్రంగా ఉంచుకోండి.